కన్నం

కంచరపాలెం మెట్టు దాటాక మూడో సందు.
పుష్యమాసం, ఆరున్నర,
రైలు పట్టాల మీద మంచు ఇంకా లేవలేదు.
భుజాన డ్రిల్లింగు మిషను, చంకలో గ్యాస్ గీజరు అట్టపెట్టె.
తలుపు తీసిన అసిరమ్మ నన్ను చూడలేదు,
నా వెనకాల వస్తున్న గాలిని చూసింది.
"బేగి లోపలికి రా నాయనా, తలుపెయ్."

మనవరాలు హైమ నీళ్ళాడి పదకొండో రోజు.
వేణ్ణీళ్ళు కావాలి, రెండు పూటలా, ఒళ్ళు కాగేటన్ని.
గాలి మాత్రం తగలకూడదు.
స్నానాలగది కిటికీకి అట్టముక్క,
అట్ట చుట్టూ పాతచీర పేలికలు,
తలుపు కింద సందుకి గోనెపట్టా.
చీమకి కూడా దారి లేదు.
"ఇదిగో, ఈ కుళాయి పక్కనే బిగించెయ్."

నేను సంచీ దించలేదు.
"ఇదీ పొయ్యేనమ్మా.
పొయ్యి దగ్గర కూచుని తలుపులు మూసుకోకూడదు."
"చాల్లే, ఐదుగుర్ని కన్నాను,
ఐదుసార్లూ మంచం కింద కుంపటే.
నాకేమయింది?"

నిజమే. ఏమీ కాలేదు.
"ఎక్కడ కన్నావమ్మా?"
"మా ఊళ్ళో, భీమిలి అవతల. తాటాకిల్లు."
"తాటాకు కప్పుకి వెయ్యి కన్నాలు.
పొగ తన దారి తను చూసుకునేది.
ఇది స్లాబు."

ఆవిడ తలెత్తి స్లాబు వైపు చూసింది,
అది అక్కడుందని ఇప్పుడే తెలిసినట్టు.

"పొగైతే నయం. కళ్ళు మండించి చెప్తుంది.
దీన్నించి వచ్చేదానికి రంగు లేదు, వాసన లేదు.
కమ్మగా నిద్ర పట్టిస్తుంది, అంతే."
అంతే అన్నాక నా గొంతు నాకే నచ్చలేదు.

లోపలి గదిలో పసివాడు ఏడ్చి మానేశాడు.

బేరం ఇలా తెగింది:
పొయ్యి బయట, పెరటి గోడకి.
సిలిండరూ అక్కడే, గట్టు మీద.
లోపలికి నీళ్ళు మాత్రమే వస్తాయి.
గోడకి ఒక్క కన్నం, బొటనవేలు పట్టేంత.
ఇంటి ఓనరు ఫోన్లో అరిచాడు,
కన్నం వేస్తే అడ్వాన్సులో కోస్తాడట.
అసిరమ్మ ఫోను లాక్కుని "కోసుకో" అని పెట్టేసింది.

మిషను ఇటుకలోకి దిగుతుంటే ఎర్ర దుమ్ము.
ఆ మోతలో నాకెప్పుడూ మర్రిపాలెం గుర్తొస్తుంది.
పనికి కొత్త. పన్నెండేళ్ళయింది.
చిన్న స్నానాలగది, వెంటిలేటరు లేదు, కొత్త జంట.
లోపలే బిగించాను. మూడొందలు, పైన టీ.
తర్వాత ఏమయిందో తెలీదు.
ఏమీ కాలేదేమో.
పోయినేడు ఆ వైపు పనిపడి వెళ్ళి చూస్తే
ఆ ఇంటి చోట ఐదంతస్తుల అపార్ట్‌మెంటు.
వాచ్‌మన్ని ఏమని అడగను?
మంచినీళ్ళు అడిగి, తాగి, వచ్చేశాను.

వాళ్ళింట్లో ఉన్న గొట్టం వద్దన్నాను,
ఉప్పుగాలికి దాని ఒంటినిండా సన్నటి పగుళ్ళు.
కొత్తది తీసి తేదీ చూపించాను.
బిగించాక సబ్బు అడిగాను.
హైమ తలుపు సందులోంచి పిల్లాడి సబ్బే అందించింది.
జాయింటు జాయింటుకీ నురగ రాశాను.
మూడోదాని దగ్గర ఒక బుడగ,
చిన్నది, ఊపిరి నేర్చుకుంటున్నట్టు ఉబ్బింది.
పావు తిప్పు బిగించి మళ్ళీ రాశాను.
మళ్ళీ చూశాను.
అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళున్నారు మా పనిలో.
వాళ్ళలో ఒకడికి ఇప్పుడు కనుబొమలు లేవు.

మంట నీలంగా నిలబడింది. పసుపు కొస లేదు.
సముద్రం వైపు నుంచి గాలి దాని మీదుగా పోయి
ఏం పట్టుకెళ్ళిందో ఎవరికీ కనబడలేదు.

గోడ అవతల నీళ్ళ చప్పుడు.
"అబ్బ" అని ఒక సన్నటి గొంతు.

సామాను సర్దుకుంటూ చూస్తే
గొట్టం చుట్టూ మిగిలిన వెంట్రుకవాసి సందులోంచి
చీర పేలిక కొస ఒకటి నా వైపు తోసుకొస్తోంది.
లోపల అసిరమ్మ అప్పుడే కుక్కేస్తోంది.
కుక్కుకోనీ.
పొయ్యి నా వైపే ఉంది.